అద్దం ఆఖరున

ఆ ఇంట్లో కారు కడగడం పని కాదు, పందెం. ఓడినవాళ్ళు వెనక సీట్లో కూర్చోవాలి, గెలిచినవాళ్ళకు తాళం దక్కుతుంది. కూతురి కాళ్ళు ఇంకా పెడళ్ళకు అందని రోజుల్లో గెలిస్తే ముందు సీటు దొరికేది, అంతే. కాళ్ళు అందాక తాళమే దొరకడం మొదలైంది. ఇన్నేళ్ళూ అదంతా సరదాగానే నడిచింది. ఈ ఉదయం మాత్రం ఆమెకు సరదా ఏ కోశానా లేదు. తండ్రి చేతిలోంచి ఆ తాళం ఎలాగైనా తీసుకోవాలి.

ఎందుకంటే మధ్యాహ్నం ఆమె కూతురికి పక్క ఊరి మైదానంలో పరుగు పోటీ ఉంది. తీసుకెళ్తానని తాత మాటిచ్చాడు. అక్కడికి వెళ్ళాలంటే లారీల రోడ్డు ఎక్కాలి. తాతకు కళ్ళు సరిగా కనపడటం లేదు.

ఆ సంగతి ఆయన ఒప్పుకోడు. మొన్న టీ కప్పులో కాకుండా కప్పు పక్కన పోసి, "ఈ కప్పు ఇక్కడ పెట్టిందెవరు?" అని ఇల్లు పీకి పందిరేశాడు. వీధిలో ఎవరైనా ఎదురైతే వాళ్ళు నోరు తెరిచేదాకా నవ్వుతూ ఊరుకుంటాడు, గొంతు వినపడ్డాక పేరు పెట్టి పలకరిస్తాడు. పేపరు మనవరాలి చేత చదివించుకుంటాడు. అడిగితే, "దానికి చదువు వంటబట్టాలి కదా" అంటాడు. ఇలా తప్పించుకోవడంలో ఆయనకు ఆయనే సాటి.

పైగా ఆయన మామూలు మనిషా? ఊరందరికీ బ్రేకు మాష్టారు. డ్రైవింగ్ స్కూల్లో నేర్పేవాళ్ళ వైపు కూడా ఒక బ్రేకు ఉంటుంది చూశారూ, జీవితమంతా దానిమీద కాలు పెట్టి బతికినాయన. సగం ఊరు ఆయన దగ్గర చేయి తిరిగిందే. ఆయన నేర్పే పద్ధతి వేరు. చూసింది పైకి చెప్పాలి. "ముందు సైకిలు. ఎడం పక్క కుక్క. మలుపు తిరిగితే బడి" అని నేర్చుకునేవాళ్ళు నోరు నొప్పెట్టేలా చెబుతూ నడపాలి. నోరు ఆగితే మాష్టారి కాలు బ్రేకు మీద పడేది. ఆయన శిష్యులు ఇప్పటికీ ఒంటరిగా కార్లో పోతూ తమలో తాము గొణుక్కుంటారని ఊళ్ళో వేళాకోళం. మనవరాలికి కూడా ఆ ఆటే నేర్పాడు. ఆ పిల్లను ఇంట్లో పిడుగు అంటారు. ముందు సీటెక్కితే చాలు, దారి పొడుగునా కనపడిందల్లా ఏకరువు పెడుతుంది. తాత "ఊఁ, ఊఁ" అంటూ నడుపుతాడు. చూసేవాళ్ళకు ముచ్చటగా ఉండేది.

కూతురు ఊరుకోలేదు. కళ్ళ సంగతి ఒకసారి ఎత్తితే మొహం గంటు పెట్టుకుని మాట్లాడ్డం మానేశాడు. రెండోసారి ఎత్తితే, తానే కళ్ళ ఆసుపత్రికి వెళ్ళొచ్చి, "భేషుగ్గా ఉన్నాయన్నాడు డాక్టరు" అని చెప్పాడు. ఆ ఆసుపత్రిలో చీటీలిచ్చే అమ్మాయి కూడా ఆయన శిష్యురాలే. మాష్టారు వరండాలో కాసేపు కూర్చుని, పిలుపు వచ్చేలోపే లేచి వెళ్ళిపోయారని ఆ అమ్మాయి చెప్పింది. కూతురు ఆ విషయం ఇంట్లో అనలేదు. అంటే ఆయన తల వంచుకోవాలి. తండ్రి తల వంచుకుని నిలబడటం ఆమె ఎన్నడూ చూడలేదు, చూడాలనీ లేదు.

అందుకని పందెం. ఆయన పెట్టిన చట్టంతోనే ఆయన్ని ఓడిస్తే తల ఎత్తుకునే తాళం ఇస్తాడు. ముక్కుమీద కోపం ఉన్నా మాట తప్పే మనిషి కాదు. నిన్న సాయంత్రమే, "రేపు కారు కడుగుదాం నాన్నా, పందెం" అంది. ఆయన మొహం వెలిగిపోయింది.

పందెం కట్టుబాట్లు ఇవీ. కారు నడినెత్తిన ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒక గీత ఉందనుకోవాలి. స్టీరింగు వైపు మాష్టారిది, అవతలి వైపు కూతురిది. కడగాలి, తడి లేకుండా తుడవాలి, వ్యాక్స్ రాయాలి, అది ఆరి తెల్లగా పొరకట్టాక గుడ్డతో మెరిపించాలి. ఆ తరవాత వైపులు మార్చుకుని ఒకరి పని ఒకరు వెతకాలి. తుడవకుండా మిగిలిపోయిన తెల్ల మరకను ఆ ఇంట్లో దొంగ అంటారు. ఎవరి వైపు దొంగ దొరికితే వాళ్ళు ఓడినట్టు. ఎక్కడా దొరక్కపోతే తాళం మాష్టారి జేబులోనే ఉంటుంది. ముందు అద్దం మాత్రం పందెంలోకి రాదు. వాన నీళ్ళు నిలవకుండా జారిపోవాలని దానికీ పలచగా వ్యాక్స్ పట్టించడం, అన్నీ అయ్యాక తుడవడం ఆయన సొంత హక్కు. "అద్దం ఆఖరున" అనేవాడు, ఇంకెవర్నీ వేలు పెట్టనిచ్చేవాడు కాదు.

ఆమె లెక్క తేలికైనదే. కప్పు కనపడని మనిషికి పలచటి తెల్ల పొర ఏం కనపడుతుంది? అరడజను దొంగల్ని వదిలేస్తాడు. ఒక్కడు దొరికితే చాలు.

"అమ్మడూ, పైపు ఇటు లాగు" అని షెడ్డులోంచి మాష్టారు కేక పెట్టాడు. చేతి గడియారం తీసి కిటికీ గట్టుమీద పెట్టాడు, బెల్టు విప్పి మేకుకు తగిలించాడు. కారు పక్కన పనిచేసేవాళ్ళ ఒంటిమీద గీతపెట్టే ఇనప ముక్క ఏదీ ఉండకూడదని ఆయన పట్టుదల. రెండు బకెట్లు సిద్ధంగా ఉన్నాయి. ఒకదాన్లో సబ్బు నీళ్ళు, ఒకదాన్లో మంచి నీళ్ళు. స్పాంజి ముందు మంచి నీళ్ళలో జాడించి, మట్టి వదిలాకే సబ్బులో ముంచాలి. లేకపోతే ఆ మట్టితోనే కారును గీకినట్టవుతుంది.

ఆయన ఒక అడుగు వెనక్కి వేశాడు. కాలు బకెట్టుకు తగిలి సబ్బు నీళ్ళు తొణికాయి.

"ఇక్కడ పెట్టిందెవరు?"

"నువ్వే నాన్నా."

"నేనేలే. నీకు గుర్తుందో లేదో అని."

పిడుగు కిసుక్కున నవ్వింది. అప్పటికే పరుగుల బూట్లు వేసుకుని, షెడ్డు గట్టుమీద కూర్చుని కాళ్ళు ఊపుతోంది. "తాతా, ఇవాళ ముందు సీటు నాదే కదా?"

"నీది కాక ఎవరిదే? నువ్వు లేకపోతే నేనెలా తోలను?"

అది విని కూతురు కూడా నవ్వింది. ఆ మాట ఎంత నిజమో అప్పటికి ఆమెకు తెలియదు.

చక్రాలతో మొదలుపెట్టి, తరవాత పైకప్పు నుంచి కిందికి దిగారు. ఆయన చేయి కదులుతున్న తీరు చూస్తే ఆమెకు గుబులు పట్టుకుంది. స్పాంజి వెనకాలే ఎడం చేయి వస్తోంది. కడిగిన చోటల్లా వేళ్ళతో తడిమి, ఎక్కడైనా ఇసక రేణువు తగిలితే ఆగుతున్నాడు. కళ్ళు మాత్రం ఎటో గోడవైపు ఉన్నాయి. పైపుతో నీళ్ళు కొట్టాక మెత్తటి పెద్ద తువ్వాలు పరిచి, రుద్దకుండా లాగాడు. మళ్ళీ చేయి. తడి తగిలితే మళ్ళీ తువ్వాలు. ఇది ఆమె అనుకోలేదు. చూపు తగ్గిన కొద్దీ ఆయన వేళ్ళు ఎంత నేర్చుకున్నాయో ఆమె లెక్కలో లేదు.

వ్యాక్స్ డబ్బా మూత తీశారు. రేకు చల్లగా ఉన్నప్పుడే, నీడలోనే రాయాలి. ఆయన స్పాంజి ముక్కకు పొదుపుగా అద్దుకుని తలుపుమీద నిలువుగా, బారుగా పట్టించాడు. గుండ్రంగా తిప్పితే ఒప్పుకోడు. ఆమె తన వైపు రాస్తూనే కారు మీదుగా ఆయన్ని చూస్తోంది. పొర తెల్లబడ్డాక ఆయన చూపుడు వేలితో గీసి చూశాడు, పొడిగా రాలితే గుడ్డ అందుకున్నాడు. తుడిచిన చోట వేళ్ళు సర్రున జారుతాయి, పొర ఉన్న చోట పట్టుకుంటాయి. అదే ఆయన గుర్తు. కప్పు కనపడని మనిషి ఒక్క అంగుళం వదలడం లేదు.

"మీ అమ్మ ఉంటే ఈపాటికి ఎక్కి కూర్చునేది" అన్నాడు ఉన్నట్టుండి.

"ఎక్కి నిద్రపోయేది కూడా."

ఇద్దరూ నవ్వారు. ఆవిడ పందెంలో ఏనాడూ దిగలేదు. వెనక సీట్లో కిటికీ పక్కన కాళ్ళు ముడుచుకుని కూర్చుని, గేటు దాటకముందే కునుకు తీసేది. "మీలో ఎవరు తోలినా నాకు మెలకువ వచ్చేది దిగేటప్పుడే" అనేది. ఆవిడ పోయాక ఆ చోటు ఖాళీగానే ఉంటోంది. అక్కడ కూర్చోవద్దని ఎవరూ చెప్పలేదు. ఎవరూ కూర్చోలేదు, అంతే.

చివరికి మాష్టారు ముందు అద్దం దగ్గరికి వెళ్ళి, ఈ అంచు నుంచి ఆ అంచు దాకా పలచగా వ్యాక్స్ పట్టించాడు. "ఇది ఆరేలోపు దొంగల్ని వెతుకుదాం. రా, వైపు మారు" అన్నాడు.

ఆమె ఆయన వైపుకు వచ్చి, మోకాళ్ళమీద కూర్చుని వెతికింది. తలుపు పిడుల వెనక గుంటలు చూసింది. పక్క అద్దం అడుగున చూసింది. పెట్రోలు మూత చుట్టూ ఉన్న సందులో, నంబరు పలక అంచున, చక్రాల పైనున్న వంపులో చూసింది. తనకు తెలిసిన దొంగల స్థావరాలన్నీ గాలించింది. ఒక్కడూ లేడు. తలుపులో ఆమె మొహం ఆమెకే కనపడుతోంది, పాలిపోయి.

"నీ వైపు శుభ్రంగా ఉందే. భలే చేశావు" అవతల ఆయన గొంతు హుషారుగా వినిపించింది. "నా వైపు ఎవరైనా దొరికారా?"

ఎవరూ దొరకలేదంటే తాళం ఆయనదే. "పిడుగూ, ఎక్కవే" అంటాడు. వీధి చివరి దాకా అలవాటు మీద పోతాడు. ఆ తరవాత లారీల రోడ్డు. పిడుగు అప్పుడే గట్టు దిగి ముందు సీటెక్కి, కిటికీ అద్దం కిందికి దించి, బెల్టు పెట్టుకుంటోంది. బయల్దేరడానికి గేటు కూడా తనే బార్లా తీసి వచ్చింది, ఘటికురాలు.

వ్యాక్స్ డబ్బా ఆమె కాలి దగ్గరే ఉంది. ఈ పందెంలో ఆమె ఎప్పుడూ తొండి చేయలేదు. చిన్నప్పుడు ఓడిపోయి ఏడ్చింది గానీ తొండి చేయలేదు. ఇప్పుడు చిటికెన వేలు డబ్బాలో ముంచి, వెనక తలుపు పిడి కింద, ఆయన వైపు, వేలెడు మేర పూసింది. వేలు చీరకొంగుకు తుడుచుకుని లేచింది.

"దొంగ దొరికాడు నాన్నా."

ఆ గొంతు ఆమెకే కొత్తగా ఉంది. మాష్టారు డిక్కీమీద చేయి ఆనించుకుంటూ చుట్టూ తిరిగి వచ్చాడు. "ఎక్కడ?"

"వెనక తలుపు. పిడి కింద."

ఆయన వేళ్ళు తలుపుమీద జారి మరక దగ్గర ఆగాయి. కొంచెం తీసుకుని బొటనవేలితో నలిపాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. మళ్ళీ నలిపాడు. ఆయన మొహంలో నవ్వు మెల్లగా ఆరిపోయింది.

"ఇది నాది కాదు."

"నీ వైపే కదా నాన్నా."

"నా వైపే. నేను పెట్టింది కాదు. నేను రాసింది ఎప్పుడో ఆరి పొడైపోయింది. ఇది ఇంకా వెన్నలా మెత్తగా ఉంది. ఇప్పుడే పెట్టారు." ఆమె ఉన్న వైపు మొహం తిప్పాడు గానీ చూపు ఆమె భుజం పక్కనుంచి పోయింది. "తొండి చేశావా అమ్మడూ?"

చీరకొంగులో వేలు ఇంకా జిడ్డుగానే ఉంది.

"నాతోనా? ఈ పందెంలోనా?" అన్నాడు. కోపంకంటే బాధే ఎక్కువగా ఉంది ఆ మాటలో. ఆ బాధే ఆమె నోరు తెరిపించింది.

"చేశాను. నీకు తాళం ఇవ్వకూడదని చేశాను. నీకు కనపడటం లేదు నాన్నా."

"కనపడకపోతే దీన్నెలా పట్టుకున్నాను?"

"దొంగని వేలితో పట్టుకున్నావు. లారీని ఏ వేలితో పట్టుకుంటావు?"

కార్లో పిడుగు కూనిరాగం ఆపేసింది.

"డాక్టరు భేషుగ్గా ఉన్నాయన్నాడని చెప్పాను కదా."

"డాక్టరు నిన్ను చూడనేలేదు. వరండాలోంచి వచ్చేశావు. నాకు తెలుసు."

అనేశాక ఆమె నాలుక కరుచుకుంది. మాష్టారి మొహం కందగడ్డ అయింది. మెడ నరాలు పొంగాయి. "నోర్ముయ్" అన్నాడు. పుట్టి బుద్ధెరిగాక తండ్రి నోట ఆమె ఆ మాట వినలేదు. "నా బండి. నా మనవరాలు. మాటిచ్చింది నేను. దొంగ దొరకలేదు కనక తాళం నాది. నీకిష్టం లేకపోతే ఇంట్లో కూర్చో."

కారును తడుముకుంటూ ముందు తలుపు దాకా వెళ్ళాడు, ఎక్కాడు, తలుపు ధడాలున వేశాడు.

ఆమెకు ఇంకేమీ తోచలేదు. పరుగెత్తుకెళ్ళి కారుకూ గేటుకూ మధ్య నిలబడింది. చేతులు రెండూ చాపింది. తనను దాటి పోలేడు, చూసి ఆగుతాడు, తిడతాడు, తిట్టనీ, ఆ తిట్లలోనే ఎలాగో తాళం లాక్కోవచ్చు. అలా అనుకుంటూ తలెత్తి ఆయన మొహం కోసం చూసింది.

మొహం కనపడలేదు. అద్దం తెల్లగా ఉంది. ఈ అంచు నుంచి ఆ అంచు దాకా పాలు పూసినట్టు, గుడ్డివెలుగు తప్ప ఏమీ దూరనంత తెల్లగా వ్యాక్స్ ఆరిపోయి ఉంది. ఆఖరున తుడవాల్సిన అద్దాన్ని కోపంలో ఆయన తుడవలేదు. తాను తుడవలేదని కూడా ఆయనకు తెలియలేదు.

తుడవని అద్దం వెనక కూర్చున్న ఏ మనిషైనా ఏం చేస్తాడు? అయ్యో అనుకుంటాడు, దిగుతాడు. ఆయన దిగలేదు. ఇంజను మోగింది. ఆయనకు రోజూ ఇలాగే ఉంటోందన్నమాట.

అరుద్దామనుకుంది. అరిస్తే ఉలిక్కిపడి ఏ పెడలు తొక్కుతాడో? పక్కన పిల్ల ఉంది. తప్పుకుందామా? తప్పుకుంటే ఆ కారు ఆ పిల్లతో సహా రోడ్డెక్కుతుంది. అక్కడే ఉండిపోయింది.

"ఊఁ, మొదలెట్టు పిడుగూ." తెరిచిన కిటికీలోంచి ఆయన గొంతు స్పష్టంగా వినిపించింది. "ముందేముంది?"

జవాబు లేదు.

"అలిగావా? గేటు తీశావు కదా?"

"తీశాను."

"అయితే పద."

కారు కదిలింది. పెద్దగా కాదు, నడక కంటే నెమ్మది. మెరుస్తున్న బానెట్టులో ఆమెకు తన చీర అంచు కనపడింది, తన చాపిన చేతులు కనపడ్డాయి. వేడిగాలి మోకాళ్ళకు తగిలింది. బంపరు ఆమె కాలిని తాకింది, మెత్తగా, ఎవరో పక్కకు జరగమన్నట్టు. ఆమె వెనక్కి ఒక అడుగు వేసింది. పక్కకు మాత్రం జరగలేదు.

"తాతా, నాకు గేటు కనపడట్లేదు" అంది పిడుగు. "అద్దమంతా తెలుపే. నేనేం చెప్పను? నీకు కనపడుతోందా?"

బ్రేకు పడింది. కారు ముందుకు ఊగి ఆగిపోయింది.

చాలాసేపు ఇంజను అలాగే కొట్టుకుంది. తరవాత ఆగింది. స్టీరింగు వైపు కిటికీ అద్దం దిగింది. అందులోంచి ఆయన చేయి బయటికొచ్చింది, ముందు అద్దంమీదికి వంగి వేళ్ళతో తడిమింది. వేళ్ళు జారలేదు, పట్టుకున్నాయి. చేయి వెనక్కి వెళ్ళింది, వేళ్ళ చివర్లు తెల్లగా ఉన్నాయి.

మాష్టారు కారు దిగి తలుపు పట్టుకుని నిలబడ్డాడు.

"అమ్మడూ. ఎక్కడున్నావు?"

"ఇక్కడే నాన్నా."

ఆయన తల ఆ గొంతు వైపు తిరిగింది. తిరిగి అక్కడే ఆగిపోయింది.

"ముందా?"

అబద్ధం చెబుదామని ఆమెకు ఎంతో అనిపించింది. పక్కనే ఉన్నాను, షెడ్డులో ఉన్నాను అంటే సరిపోయేది. ఇవాళ్టికి ఒక తొండి చాలనుకుంది.

"ముందే. కారుకు ముందు."

"ఎప్పట్నుంచి?"

"నువ్వు తాళం తిప్పినప్పట్నుంచి."

ఆయన బానెట్టుమీద చేయి ఆనించాడు. అంత మెరుపుమీద అరచేతి ముద్ర పడింది. "తగిలిందా?"

"కొంచెం."

అప్పుడాయన తల వంచుకున్నాడు. ఆమె ఎన్నడూ చూడకూడదనుకున్నది అదే. ఆమెకు జాలేసింది. కానీ జాలి వెనకే కోపం కూడా పొంగుకొచ్చింది. ఆ ఆటంతా ఇప్పుడు ఆమెకు అర్థమైంది. ముందు సైకిలు, ఎడం పక్క కుక్క. దారి పొడుగునా ఆ వాగుడు. ఆ "ఊఁ, ఊఁ".

"దాని కళ్ళతో తోలుతున్నావా నాన్నా, ఇన్నాళ్ళూ?"

ఆయన తల ఎత్తలేదు. "బజారు దాకానే. బడి దాకానే."

"బడికి వెళ్ళేటప్పుడు సరే. అక్కడ అది దిగిపోయాక? తిరిగొచ్చేటప్పుడు?"

ఆమె సర్దిచెప్పలేదు. కొన్ని మాటలు సర్దేస్తే మళ్ళీ మొదటికొస్తాయి.

ఆయన జేబులోంచి గుడ్డ తీసి వేళ్ళు తుడుచుకున్నాడు. కార్లోకి వంగి తాళం బయటికి లాగి, ఆమె ఉన్న వైపు చాపాడు. కొంచెం పక్కకు చాపాడు. ఆమె జరిగి, ఆ చేతికి ఎదురుగా వచ్చి అందుకుంది.

"దొంగ దొరికాడు. అద్దం నిండా ఉన్నాడు."

"అద్దం పందెంలో లేదు కదా నాన్నా."

"ఇవాళ్టి నుంచి ఉంది."

కారు అంచున అరచేయి జార్చుకుంటూ వెనక్కి నడిచాడు. ఆమె పూసిన మరక ఉన్న తలుపు దగ్గర ఆగి, దాన్ని గుడ్డతో తుడిచేసి, తలుపు తీసి లోపలికి జరిగి కూర్చున్నాడు. భార్య కాళ్ళు ముడుచుకుని కూర్చునే చోట, కిటికీ పక్కన. పిడుగు బెల్టులోంచే వెనక్కి తిరిగి కళ్ళింతలు చేసుకుని చూసింది.

"తాతా, నువ్వు ఓడిపోయావా?"

"ఓడిపోయానే."

"అమ్మ గెలిచిందా?"

"అమ్మ తొండి చేసింది. అయినా అమ్మే గెలిచింది." ఆయన సీటు వెనక్కి ఆనుకున్నాడు. "నువ్వు ముందే కూర్చో. పోటీ నీది."

ఆమె గుడ్డ తీసుకుని అద్దం ముందుకు వెళ్ళింది. తుడవడం మొదలుపెట్టగానే వెనక సీట్లోంచి గొంతు వచ్చింది.

"గుండ్రంగా తిప్పకు. నిలువుగా."

"నిలువుగానే తుడుస్తున్నాను."

"చప్పుడు గుండ్రంగా వినపడుతోంది."

నవ్వో ఏడుపో తెలియనిది ఏదో వచ్చింది ఆమెకు. గుడ్డ మడత మార్చి నిలువుగా లాగింది. లాగిన చోటల్లా ఒక్కో పట్టీ తేటపడింది. ముందు పిడుగు మొహం బయటపడింది. ఆ వెనక ఆయన భుజం, ఆ తరవాత ఆయన మొహం. కళ్ళు తెరిచే ఉన్నాయి. ఆమెవైపే ఉన్నాయి. ఆమె అక్కడుందని చప్పుడును బట్టి పోల్చుకుంటున్నాడంతే.

"ఆ ఆసుపత్రిలో కళ్ళు చూసే డాక్టరు కుర్రాడు నా దగ్గర నేర్చుకున్నవాడే" అన్నాడాయన నెమ్మదిగా. "నోరు ఆపితే బ్రేకు తొక్కేవాణ్ణి వాడికి. ఇప్పుడు వాడు గోడమీద అక్షరాలు చూపించి చదవమంటే, నేను నోరు తెరవలేకపోతే..."

"నేను కూడా లోపలికి వస్తాను."

"వచ్చి ఏం చేస్తావు? అందిస్తావా?"

"అందించను. పక్కన కూర్చుంటాను."

"సరే, రా" అన్నాడు.

ఆమె ఎక్కి, సీటు ముందుకు లాక్కుని, తాళం తిప్పింది. నెత్తిమీది చిన్న అద్దంలో వెనక సీటు చూసింది. ఆయన కుడికాలు ముందుకు చాచి, లేని బ్రేకుమీద ఆనించి ఉన్నాడు. మనిషంతా బిగుసుకుపోయి ఉన్నాడు. ఇకమీదట ఆ కాలి కింద ఏమీ ఉండదు. ఆయనకెంత భయంగా ఉండి ఉంటుందో ఆమెకు అప్పుడు తెలిసింది.

పిడుగు నోరు తెరవబోయింది. ఆమె పిల్ల చేయిమీద చేయి వేసి ఆపి, తానే చెప్పడం మొదలుపెట్టింది, చిన్నప్పుడు నేర్చుకున్నట్టే, గట్టిగా, వెనక సీటుకు వినపడేలా.

"గేటు తెరిచి ఉంది. ఎడమ వైపు రోడ్డు ఖాళీ. కుడివైపు దూరంగా ఒక సైకిలు."

"ముందు?" అన్నాడాయన.

"ముందు ఎవరూ లేరు నాన్నా."

వెనక సీట్లో కాలు కాస్త సడలింది. "అయితే పద" అన్నాడు.